రోడ్డు ప్రమాదములు: రాజీయా, హక్కా?

డోర్నకల్లు పేరు వినగానే తెలుగువారికి మొదట జ్ఞప్తికి వచ్చునది రైలు కూడలి. కాజీపేటనుండి బెజవాడకు పోవు ప్రధానమార్గమున, భద్రాచలము రోడ్డు వైపునకు శాఖ చీలుచోట నెలకొన్న యీ యూరు నిజాము రైల్వే నాటినుండియు రైలుతోనే పెరిగినది. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనిది. 2016 నుండి మహబూబాబాదు జిల్లాలో చేరినది. ఇచ్చటి ప్రజలకు రైలు ప్రమాదమన నేమో, దానికి చట్టమేమి చెప్పునో కొంత తెలియును. ప్రయాణికుల బండికి ప్రమాదము జరిగి ప్రయాణికుడు మరణించెనేని, తప్పు రైల్వేవారిదా కాదా యను ప్రశ్నతో నిమిత్తము లేకయే అతని కుటుంబమునకు పరిహారము ముట్టవలెనని 1989 నాటి రైల్వే చట్టము శాసించుచున్నది. 2017 జనవరి 1 నుండి ఆ మొత్తము 8 లక్షల రూపాయలు.

అదే ప్రయాణికుడు రైలు దిగి, స్టేషను వెలుపలికి వచ్చి, ఆటో ఎక్కి తన తాండాకు పోవుచు రోడ్డుమీద మరణించినచో నేమి జరుగును? చట్టము ఇచ్చటను మూగపోలేదు. కాని ఆ చట్టము నోరు విప్పకమునుపే ఊరిపెద్దలు నోరు విప్పుదురు. బండి యజమాని తరఫున నలుగురు వత్తురు. శవసంస్కారమునకని కొంత సొమ్ము చేతఁబెట్టుదురు. తెల్లకాగితముపై వేలిముద్ర వేయించుకొందురు. పదునేను దినములు గడచినంతట ఆ సొమ్ము అప్పులవారికి చేరును. ఆ కాగితము బండి యజమాని పెట్టెలో భద్రముగా నుండును. రోడ్డు ప్రమాద బాధితుని హక్కు మనదేశమున తఱచుగా న్యాయస్థానమున నోడిపోవుటలేదు. న్యాయస్థానమునకు చేరకయే అంతరించుచున్నది. నేడు మేము పాఠకుల దృష్టికి దేఁగోరు విషయమిది.

ఇది స్వల్పవిషయము కాదు. కేంద్ర రవాణాశాఖవారి లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున మనదేశపు రోడ్లమీద 4,61,312 ప్రమాదములు జరిగినవి. 1,68,491 మంది మరణించిరి. 4,43,366 మంది గాయపడిరి. ఒక్క సంవత్సరమున ఒక పెద్ద పట్టణపు జనాభా యంత తుడిచిపెట్టుకొని పోయినదన్నమాట. ఈ మృతులలో పలువురు ఇంటికి ఆధారమైనవారే. అట్టివాని మరణముతో ఒక బిడ్డ చదువు మానును, ఒక ఎకరము తాకట్టు పడును, ఒక తల్లి కూలికి పోవును. పరిహారమను మాటకు అర్థము ఈ మూడింటిని ఆపుటయే.

చిక్కు విషయము నొకదానిని ఉదాహరణముగా తీసికొన్నచో హక్కు స్వరూపము తేటపడును. చెడిపోయిన లారీని, బోల్తాపడిన ట్రాక్టరును, పోలీసువారు తొలగింపనెంచిన కారును ఈడ్చుకొనిపోవుటకు టోయింగు లారీ వచ్చును. మనవారు దానిని క్రేను అనియే పిలుతురు. ముందొక బండి, వెనుక నొక బండి, నడుమ గొలుసు. మలుపు తిరుగునప్పుడు వెనుకబండి ఏ ప్రక్కకు ఊగునో ముందుబండి నడుపువానికే తెలియదు. చీకటిలో గొలుసు కానరాదు. ముందుబండి దాటిపోయినది గదా యని మోటారుసైకిలువాడు రెంటి నడుమకు వచ్చును. లేదా, చెడిన బండిని ఎత్తుటకై క్రేను రోడ్డునకు అడ్డముగా నిలిచియుండగా, దీపములు లేమిచే వెనుకనుండి వచ్చు ఆటో దానిని గ్రుద్దుకొనును. ఖమ్మము బజారునకు మిరపబస్తాలు తోలు రైతుకును, రాత్రివేళ రైలుకై పరుగెత్తు ప్రయాణికునకును ఇట్టి యపాయము క్రొత్త కాదు.

చట్టము ఈ యపాయమును ఎఱుగకపోలేదు. 1989 నాటి రోడ్డు నియమములు ఈడ్చుకొనిపోవు బండికిని వెనుకబండికిని నడుమ దూరము 5 మీటర్లకు మించరాదనియు, త్రాడుగాని గొలుసుగాని ఇతరులకు స్పష్టముగా కానవచ్చునట్లు చేయవలెననియు, వెనుకబండికి అది ఈడ్వబడుచున్నదని తెలుపు పలక కట్టవలెననియు, వేగము గంటకు 24 కిలోమీటర్లు దాటరాదనియు విధించినవి. వెనుకబండి చక్రము పట్టినవానికి లైసెన్సు ఉండవలెను. లేదా ఆ బండి ముందుచక్రములు నేలకు తగులకుండ పైకెత్తబడియుండవలెను. ఆ నియమముల స్థానమున 2017లో క్రొత్త నిబంధనలు వచ్చినవి. ఈడ్చువాడు ఇతరుల క్షేమమునకు బాధ్యుడను మూలసూత్రము మాత్రము మాఱలేదు. కావున ఇట్టి ప్రమాదము జరిగినచోట మొదట విచారింపవలసినది గొలుసును గూర్చి, దీపమును గూర్చి, పలకను గూర్చి. ఇవి లేకపోవుటయే నిర్లక్ష్యమునకు సాక్ష్యము.

ఇంతవఱకు బాగుగనే యున్నది. చిక్కు ఇచ్చటనుండి మొదలగును. బండ్లు రెండు; యజమానులిద్దరు; బీమా కంపెనీలు రెండు. క్రేనువాడు చెడిన లారీవానిని చూపును. లారీవాడు క్రేనువానిని చూపును. ఒక బీమా కంపెనీ, ప్రమాదము మఱియొకరి బండివలన జరిగినదనును. రెండవది, మా బండి అప్పుడు నడచుటయే లేదు, ఈడ్వబడుచుండెను అనును. ఇరువురును కలిసి, మోటారుసైకిలువాడే చూచుకొనలేదందురు. కాలు విరిగి మంచమున నున్నవానికి ఈ వాదము వినునంతటనే ఆశ నశించును. ఇంత పెద్దవారి తగవులో నావంటివానికి న్యాయమెట్లు దొరకును అని అతడు రాజీకి ఒప్పుకొనును.

ఈ భయమునకు తావులేదు. ఇరువురి నిర్లక్ష్యము కలిసి మూడవవానికి హాని చేసినప్పుడు, ఆ మూడవవాడు ఇరువురిమీదనైనను, ఒక్కనిమీదనైనను వ్యాజ్యము వేసి పరిహారము మొత్తము వసూలు చేసికొనవచ్చునని సుప్రీంకోర్టు 2015లో ఖెన్యేయి వ్యాజ్యమున స్పష్టపఱచినది. ఎవరి పాలు ఎంతయో తేల్చుకొనుట ఆ యిరువురి పని. ఆ లెక్క తేలువఱకు గాయపడినవాడు వేచియుండనక్కఱలేదు. గ్రామభాషలో చెప్పవలెనన్న, ఇద్దరు పాలివాండ్ర ఎద్దులు కలిసి మన చేను మేసినప్పుడు ఏ యెద్దు ఎన్ని మొక్కలు తిన్నదని లెక్కించుట మన బాధ్యత కాదు.

గాయపడినవాని తప్పును గూర్చియు ఒక మాట. అతని తప్పు కొంత యున్నచో పరిహారము ఆ మేరకు తగ్గును; పూర్తిగా పోదు. అయినను తప్పును బాధితునిపై సులభముగా నెట్టుటకు వీలులేదు. నడిరోడ్డున దీపములుగాని హెచ్చరిక గుర్తులుగాని లేక విడువబడిన లారీని ఒక కారు గ్రుద్దుకొనిన వ్యాజ్యమున, క్రింది న్యాయస్థానములు కారు నడిపినవానికి సగము తప్పు అంటగట్టినవి. సుప్రీంకోర్టు 2024లో ఆ నిర్ణయమును త్రోసిపుచ్చి, తప్పు అంతయు లారీవారిదే యనెను. బండి నడిపినవాని తప్పును అందు కూర్చున్న ప్రయాణికుల నెత్తిన రుద్దరాదనియు చెప్పెను. చీకటిలో నిలిచియున్న క్రేనును గ్రుద్దుకొనిన ఆటోలోని వారికి ఈ తీర్పు గొప్ప ఆలంబనము.

మఱి క్రేను మోటారుబండి యగునా, అది పనిముట్టు గదా యని యొక సందేహము. యంత్రబలముచే నడచి రోడ్డుపై వాడుటకు తగినట్లు చేయబడిన ప్రతి వాహనమును మోటారు వాహనమే యని చట్టములోని నిర్వచనము. నిలిచియున్న బండి వాడుకలో నున్నట్లగునా యను వాదమునకును సమాధానము వచ్చి చాలకాలమైనది. 1987 అక్టోబరున పూనా-బెంగుళూరు రోడ్డుపై ఒక పెట్రోలు ట్యాంకరు లారీని ఢీకొని ప్రక్కకు పడిపోయెను. కొన్ని గంటల పిమ్మట, కారిన పెట్రోలు అంటుకొని ప్రేలుడు జరిగి చుట్టుప్రక్కలవారు మరణించిరి. పడియున్న బండి వాడుకలో లేదని బీమావారు వాదింపగా, కదలని స్థితిలోనున్న బండియు వాడుకలో నున్నట్లేనని సుప్రీంకోర్టు 1991లో నిర్ణయించినది. కావున చెడిపోయి నిలిచిన బండి, గొలుసున వ్రేలాడు బండి, దానిని ఎత్తుచున్న బండి — మూడును చట్టపు పరిధిలోనివే.

ఈ హక్కు ఒక్కనాట లభించినది కాదు. 1855లో ఆంగ్లేయ ప్రభుత్వము ప్రాణాపాయ ప్రమాదముల చట్టము చేసినది. దానిక్రింద మృతుని కుటుంబము సివిలు దావా వేయవలెను, కోర్టుఫీజు కట్టవలెను, ఏండ్ల తరబడి తిరుగవలెను. 1939లో మోటారు వాహనముల చట్టము వచ్చెను. అందులోని నిర్బంధ బీమా 1946 జూలై 1 నుండి గాని అమలునకు రాలేదు. అంతకుపూర్వము డిక్రీ గెలిచిన వితంతువునకు చిక్కునది చేతిలో కాసులేని డ్రైవరు మాత్రమే. 1956 సవరణచే ప్రత్యేక ట్రిబ్యునళ్లకు మార్గమేర్పడినది. ప్రస్తుతము అమలులోనున్నది 1988 నాటి చట్టము. దానిని 2019లో విశేషముగా సవరించిరి. పరిహారమునకు సంబంధించిన సవరణలు 2022 ఏప్రిలు 1 నుండి నడచుచున్నవి. ఇంతకాలము పట్టి సాధించిన హక్కును ఒక్క సాయంకాలము చావడిలో కూర్చుండి విడుచుకొనుట వివేకమా?

ఆ చట్టమున బాధితునకు మూడు మార్గములు కలవు. మొదటిది, తప్పు ఎవరిదని నిరూపింపనక్కఱలేని మార్గము. బండి యజమానిగాని బీమా కంపెనీగాని మరణమునకు 5 లక్షలు, తీవ్రమైన గాయమునకు రెండున్నర లక్షల రూపాయలు ఇయ్యవలెను. రెండవది, ట్రిబ్యునలున నిర్లక్ష్యమును నిరూపించి వాస్తవనష్టమంతయు పొందు మార్గము. మూడవది, ఢీకొట్టి పాఱిపోయిన బండి జాడ తెలియనప్పటిది. అప్పుడు మరణమునకు 2 లక్షలు, తీవ్రమైన గాయమునకు 50,000 రూపాయలు ప్రత్యేకనిధినుండి లభించును. దానికి దరఖాస్తు తహసీలుదారు వంటి రెవెన్యూ అధికారి విచారించును, కలెక్టరు మంజూరు చేయును. ఒక నెలలోపల బండి ఆచూకి తెలియనిచో ఈ పథకమును గూర్చి బాధితులకు పోలీసువారే తెలుపవలెనని సుప్రీంకోర్టు 2024 జనవరిలో ఆజ్ఞాపించినది.

ఇందులో నొక మెలిక యున్నది. దానిని ప్రతి పాఠకుడును జ్ఞాపకముంచుకొనవలెను. మొదటి మార్గమున సొమ్ము పుచ్చుకొన్నచో రెండవ మార్గము మూతపడును. తొందరలో నున్న కుటుంబమునకు 5 లక్షలు పెద్ద మొత్తముగానే తోచును. కాని లెక్క వేసి చూడుడు. నెలకు 15,000 రూపాయలు సంపాదించు ముప్పది యేండ్ల మేస్త్రీ యొకడు భార్యను, ఇద్దరు బిడ్డలను, తల్లిని విడిచి మరణించెననుకొందము. 2009లో సరళావర్మ వ్యాజ్యమునను 2017లో ప్రణయ్ సేఠీ వ్యాజ్యమునను సుప్రీంకోర్టు ఏర్పఱచిన పద్ధతి ననుసరించి, భవిష్యత్తులో పెరుగదగు ఆదాయమునకై నూటికి 40 వంతులు చేర్పగా నెలకు 21,000 అగును. అతని స్వంతఖర్చునకు నాలుగవవంతు తీసివేయగా 15,750 మిగులును. సంవత్సరమునకు 1,89,000. ఆ వయస్సునకు నిర్ణయింపబడిన 17తో హెచ్చవేయగా 32,13,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డలు కోలుపోయిన సాహచర్యమునకు ఇచ్చునది, వడ్డీ వీనికి అదనము. ఇంతటి హక్కుగల కుటుంబముచేత పెద్దమనుషులు కొన్నివేల రూపాయలకు వేలిముద్ర వేయించుచున్నారు!

జీతము లేని గృహిణి మరణించినప్పుడు నష్టమేమున్నదని అడుగువారును కలరు. వంట, నీరు, బిడ్డల పోషణ, పశువుల సంరక్షణ, పొలముపని — వీనికన్నిటికి విలువకట్టి పరిహారము నిర్ణయింపవలెనని 2021లో కీర్తి వ్యాజ్యమున సుప్రీంకోర్టు నొక్కి చెప్పినది. ప్రాణము పోక అవయవము పోయినప్పుడును అంతే. కాలు పోయిన గుమాస్తా నష్టము వేఱు, కాలు పోయిన హమాలీ నష్టము వేఱు. వైద్యుడు వ్రాసిన శాతమును మాత్రమేగాక, ఆ వైకల్యము వాని జీవనోపాధిని ఎంత హరించినదో చూడవలెనని 2010 నాటి రాజకుమారు వ్యాజ్యమున తీర్పు. చచ్చిన ఎద్దులకు, విరిగిన ఆటోకు, చిందిపోయిన మిరపబస్తాలకును ఆ ట్రిబ్యునలునందే పరిహారము కోరవచ్చును.

ఇక రాజీని గూర్చి. రాజీ యను మాటయే చెడ్డదని మేమనము. లోక్ అదాలత్తులో న్యాయాధికారి యెదుట, లెక్క తెలిసి, ఇరుపక్షముల సమ్మతితో జరుగు రాజీ కోర్టు డిక్రీతో సమానము. ఏండ్ల కాలము ఆదా యగును. మేము నిరసించునది చావడిలోని చీకటిరాజీని. నిర్లక్ష్యముచే ప్రాణము తీయుట యను నేరము చట్టరీత్యా రాజీపడదగినది కాదు. ఊరిపెద్దలు ఎంత పెద్దవారైనను దానిని మాఫీ చేయజాలరు. క్రిమినలు కేసు వేఱు, పరిహారము వేఱు. డ్రైవరుపై నేరము రుజువుగాక విడుదలయైనను పరిహారము అడుగుటకు అడ్డులేదు. ట్రిబ్యునలునకు కావలసినది నేరవిచారణలో వలె సందేహమునకు తావులేని రుజువు కాదు, సంభావ్యత ఎటు మొగ్గునో తెలిసిన చాలును.

రాజీ చేయు పెద్దలు చెప్పు మాట యొకటి న్యాయముగా పరిశీలింపదగినది. డ్రైవరును బీదవాడే గదా, వానిని జైలునకు పంపి నీకేమి వచ్చును అందురు. ఈ దయ మెచ్చదగినదే. కాని పరిహారము డ్రైవరు మూటనుండి రాదు. నిర్బంధబీమా ఏర్పడినదే బీదడ్రైవరును, బీదబాధితుని ఇరువురిని కాపాడుటకు. డ్రైవరు లైసెన్సు సరిగా లేదని బీమా కంపెనీ తప్పుకొనజూచినను, ముందు బాధితునకు చెల్లించి పిమ్మట యజమానివద్ద రాబట్టుకొనుడని ట్రిబ్యునలు ఆజ్ఞాపింపవచ్చును. 2004 నాటి స్వర్ణసింగు వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇట్టి మార్గమును చూపినది. బీమాయే లేని బండి యైనచో యజమాని హామీ యిచ్చువఱకు దానిని విడువరాదనియు, లేనిచో మూడు మాసముల పిమ్మట వేలము వేయవలెననియు రాష్ట్రములన్నియు నియమములు చేయవలెనని అదే న్యాయస్థానము 2018లో ఆదేశించినది. కావున చావడిరాజీవలన కాపాడబడువాడు డ్రైవరు కాడు. బీమా కట్టని యజమానియు, చెల్లింపు తప్పించుకొను కంపెనీయు.

దొంగవ్యాజ్యములు వేయువారున్నారు గదా యని మఱియొక యాక్షేపణ. ఉన్నారు, వారిని శిక్షింపవలసినదే. దొంగలకు జడిసి దొరలు తమ ధాన్యమును పొలముననే విడిచిపోవుదురా? నిజమైన ప్రమాదమునకు మొదటి దినముననే సరియైన నమోదు జరుగుటయే దొంగవ్యాజ్యములకును మందు.

ఆ నమోదును గూర్చి చట్టము 2022 నుండి పోలీసువారిపై గట్టి బాధ్యత పెట్టినది. ప్రమాదము జరిగిన 48 గంటలలో మొదటి నివేదిక ట్రిబ్యునలునకును బీమా కంపెనీకిని చేరవలెను. 10 దినములలో బాధితుని హక్కులను తెలుపు పత్రము అతని చేతికి ఇయ్యవలెను. 90 దినములలో పూర్తి నివేదిక పంపవలెను. ఆ నివేదికనే ట్రిబ్యునలు పరిహారపు దరఖాస్తుగా స్వీకరింపవచ్చును. అనగా, పోలీసువారు తమ పని తాము చేసినచో బీదవాడు వకీలు గుమ్మము తొక్కకముందే అతని కేసు న్యాయస్థానపు ద్వారమును తట్టియుండును. ఈ హక్కుల పత్రమును అడిగి తీసికొన్నవారు మన గ్రామములలో నెందఱు? అట్టి పత్రము కలదని తెలిసినవారెందఱు?

గడువు విషయమున మాత్రము మేము చట్టమును ఆక్షేపింపక తప్పదు. 1988లో దరఖాస్తునకు ఆరు మాసముల గడువు పెట్టిరి. అది బీదలకు ఉరి యగుచున్నదని 1994 సవరణచే తొలగించిరి. 2019 సవరణచే మఱల తెచ్చి 2022 ఏప్రిలు 1 నుండి అమలు చేసిరి. ఆసుపత్రి మంచమునుండి లేవని క్షతగాత్రునకు, కర్మకాండలు ముగియని వితంతువునకు ఆరు మాసములు ఎంతకాలము? ఈ గడువు చెల్లునా చెల్లదా యను వ్యాజ్యము సుప్రీంకోర్టునకు ఎక్కినది. గడువు దాటినదను కారణముచే దరఖాస్తులను కొట్టివేయవలదని 2025 నవంబరున ఆ న్యాయస్థానము మధ్యంతరముగా ఆజ్ఞ యిచ్చినది. ఆ యాజ్ఞను నమ్ముకొని ఎవరును ఆలస్యము చేయరాదు. ఆరు మాసములలోపల దరఖాస్తు పడినచో ఏ తీర్పు వచ్చినను భయములేదు. పార్లమెంటు ఈ గడువును తానే తొలగించుట ధర్మము. ఒకమాఱు తప్పని తెలిసి విడిచినదానిని మఱల తలకెత్తుకొనుట శాసనకర్తలకు శోభ కాదు.

ప్రమాదస్థలమున నున్నవారు చేయదగినవి కొన్ని కలవు. మొదటిది ప్రాణరక్షణ. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవానిని సాక్ష్యమునకు నిర్బంధింపరాదని, అతనిపై దావా గాని కేసు గాని నడువదని చట్టమే రక్షణ యిచ్చినది. 2025 మే నెలనుండి అమలులోనున్న కేంద్రపథకము ప్రకారము, నియమిత ఆసుపత్రులలో ఏడు దినములవఱకు లక్షన్నర రూపాయల మేర చికిత్స సొమ్ము అడుగకయే చేయవలెను. రెండవది సాక్ష్యరక్షణ. టోయింగు లారీ నెంబరు ఒక్కటే చాలదు. ఈడ్వబడు బండి నెంబరును వ్రాసికొనవలెను. గొలుసు, దీపములు, పలక ఉన్నవో లేవో తెలియునట్లు ఫోనుతో ఛాయాచిత్రములు తీయవలెను. బండ్లను కదల్చిన పిమ్మట ఆ సాక్ష్యము దొరకదు. ఆసుపత్రి చీటీలో క్రిందపడినాడని గాక రోడ్డుప్రమాదమని, ఏ బండివలననో వ్రాయించవలెను. మందుల రసీదులు, కూలి లెక్కలు, యజమాని యిచ్చిన జీతపు చీటీ దాచుకొనవలెను. చదివి వినిపింపని కాగితముపై వ్రేలు పెట్టరాదు.

ఖర్చును తలచుకొని భయపడువారికి ఒక మాట. ప్రమాదము ఎచ్చట జరిగినను బాధితుడు తాను నివసించుచోటి ట్రిబ్యునలునందే దరఖాస్తు వేయవచ్చును. బెజవాడ రోడ్డుపై గాయపడిన డోర్నకల్లు వాసి బెజవాడ తిరుగనక్కఱలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలు, షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచితముగా వకీలును పొందుటకు అర్హులు. డోర్నకల్లు శాసనసభా స్థానము షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడినది. చుట్టును లంబాడా తాండాలు గలవు. అనగా, ఈ ప్రాంతమున రోడ్డుపాలైన కుటుంబములలో అనేకములకు వకీలు ఫీజు అను భయమే అక్కఱలేదు. అయినను ఆ భయముచేతనే వారు చావడికి పోవుచున్నారు. కారణమొక్కటే: ఈ సంగతి వారి భాషలో వారికి ఎవరును చెప్పలేదు.

పరభాషలో వ్రాసి, పరభాషలో వాదించి, పరభాషలో తీర్పు చెప్పు హక్కు ప్రజలకు కానుకవలె తోచునేగాని స్వంతసొత్తువలె తోచదు. పరాయి ప్రభుత్వము పోయినంతమాత్రమున ఈ కొఱత తీరలేదు. హక్కుల పత్రము తెలుగున ముద్రింపబడి ప్రతి పోలీసుస్టేషను గోడపై, ప్రతి ఆసుపత్రి వాకిట వ్రేలాడవలెను. లంబాడాల తాండాలలో వారి మాటలో చదివి వినిపింపబడవలెను. ఇందుకు క్రొత్త శాసనము అవసరము లేదు. అధికారుల సంకల్పము చాలును.

అధికారులు చేయువఱకు మనము చేతులు కట్టుకొని కూర్చుండవలెనా? ఓరుగల్లు సీమకు గ్రంథాలయములు క్రొత్త కావు. 1904లోనే హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. తెలుగు చదువుటయే సాహసమైన ఆ కాలమున పఠనమందిరములు ప్రజలకు కన్నులిచ్చినవి. నేడు ప్రతి పఠనమందిరమునను వారమున కొక్కసాయంకాలము చదువురానివారిని కూర్చుండబెట్టి ఈ హక్కులను చదివి వినిపించుట చదువరులకు అసాధ్యము కాదు. దరఖాస్తు నమూనా నొకదానిని బల్లపై నుంచుడు. న్యాయసేవాసంస్థ చిరునామా గోడపై వ్రాయుడు. ప్రమాదము జరిగిన యింటికి పెద్దమనుషులు పోకమునుపు చదువుకొన్న యువకుడొకడు పోవుగాక. పోయి, కాగితముపై వ్రేలు పెట్టవద్దని ఒక్కమాట చెప్పుగాక. ఆ మాటతో ఒక బిడ్డ చదువు నిలుచును, ఒక ఎకరము తాకట్టు తప్పును.